ఇరవై అడుగుల చెక్క రేవు

(ఒక ఆదివారం సాయంత్రం కొత్తగూడెంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి, వచ్చి కూర్చోండి. ఇంగ్లీషు లెక్చరర్ కదా, ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతాడని భయమేమో. రిటైరై ఎనిమిదేళ్ళయింది, ఇంక ఎవర్నీ అడగను. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను, అదీ అందర్నీ కలిపి.

కొత్తగూడెం బీచికి ఎటు వెళ్ళాలి?

చూశారా, నవ్వేశారు. నేనింకా ఏమీ చెప్పనేలేదు. ఎందుకు నవ్వారు? ఈ ఊళ్ళో బొగ్గుంది, దుమ్ముంది, ఎండ ఉంది, సముద్రం ఒక్కటే లేదు. బయటి ఊరివాడు నిజంగానే ఆ ప్రశ్న అడిగితే, మీలో ఎవరో ఒకరు మొహం కదలకుండా "అదిగో, ఆ డంపు యార్డు దాటగానే" అంటారు. నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు ఇక్కడే ఉన్నాను. సరిగ్గా ఇలాంటి జోకు ఒకటి ఇంగ్లండులో ఒక బొగ్గు ఊళ్ళో పుట్టింది. అది పెరిగి పెద్దదై ప్రపంచమంతా చదివిన ఒక పుస్తకానికి పేరయింది. ఇవాళ ఆ కథ.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. కాలేజీలో చేరిన కొత్తలో జార్జ్ ఆర్వెల్ గురించి పాఠం చెప్పేటప్పుడు ఆయన పుస్తకాల పేర్లన్నీ బోర్డు మీద రాసేవాణ్ణి. అందులో 'ది రోడ్ టు విగన్ పియర్' ఒకటి. పిల్లలకి ఏమని చెప్పేవాణ్ణంటే, "విగన్ అనేది ఒక రేవు పట్టణం, అక్కడికి ఆర్వెల్ చేసిన ప్రయాణం ఈ పుస్తకం" అని. ఎంత ధీమాగా చెప్పేవాణ్ణనుకున్నారు! నాలుగేళ్ళు చెప్పాను. ఒక్క పిల్లాడూ "సార్, మ్యాప్‌లో విగన్ ఒడ్డున లేదే" అనలేదు. అంటే వాళ్ళూ మ్యాప్ చూడలేదు, నేనూ చూడలేదు. పుస్తకమూ చదవలేదు. తరువాత చదివాను. అందులో ఆర్వెలే రాశాడు, విగన్ పియర్ చూడాలని ఎంతో ఆశపడి వెళ్ళానని, తీరా వెళితే దాన్ని ఎప్పుడో పడగొట్టేశారని, అది ఎక్కడ ఉండేదో కూడా ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారని. అంటే పుస్తకం పేరే ఒక లేని చోటుకి దారి! ఆ పేజీ చదివిన రోజు, ఆ నాలుగు బ్యాచుల పిల్లల్నీ పిలిచి క్షమాపణ చెప్పాలనిపించింది.

సరే, పియర్ అంటే ఏంటి? మన తీరంలో అలాంటివి పెద్దగా లేవు కాబట్టి మనకి ఆ మాట గట్టిగా తగలదు. సముద్రంలోకి కట్టిన వంతెన అనుకోండి, కాకపోతే దానికి అవతలి ఒడ్డు ఉండదు. నీళ్ళ మీద అలా కొంత దూరం నడిచి, గాలి పీల్చుకుని, ఏదో తిని, వెనక్కి రావడమే. అక్కడివాళ్ళకి పియర్ అంటే సెలవు. బ్లాక్‌పూల్లో ఇలాంటివి మూడున్నాయి, సౌత్‌పోర్ట్‌లో 1860లో కట్టింది ఒకటుంది. విగన్ చుట్టుపక్కల లాంకషైర్ ప్రాంతపు మిల్లు ఊళ్ళలో ఏడాదికి ఒక వారం మిల్లులన్నీ మూసేసేవాళ్ళు. ఆ వారం ఊరు ఊరంతా రైలెక్కి సముద్రానికి పోయేది. ఏడాదంతా నూలు దుమ్ము, బొగ్గు దుమ్ము మింగినవాళ్ళు ఆ వారం ఉప్పుగాలి మింగేవాళ్ళు. పియర్ అనే మాట వినగానే వాళ్ళ కళ్ళలో మెరుపొచ్చేది అందుకే.

ఇప్పుడు విగన్. మాంచెస్టర్‌కీ లివర్‌పూల్‌కీ మధ్య ఉంటుంది. సౌత్‌పోర్ట్ దగ్గర సముద్రం చూడాలంటే అక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్ల పైనే వెళ్ళాలి. ఊరి చుట్టూ బొగ్గు గనులు, ఊళ్ళో నూలు మిల్లులు, మధ్యలో కాలువ. లీడ్స్ నుంచి లివర్‌పూల్ దాకా తవ్విన కాలువ అది, 127 మైళ్ళు. 1770లో మొదలుపెట్టి 1816కి గానీ పూర్తి చేయలేకపోయారు. విగన్ దగ్గర నేల ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది. పడవని అరవై ఐదు మీటర్లు పైకెక్కించడానికి వరసగా ఇరవై ఒక్క లాకులు కట్టారు. నేను కోనసీమవాణ్ణి, లాకుల పక్కన పుట్టినవాణ్ణి. మా ఊళ్ళో అడ్రసంటేనే "లాకుల దగ్గర దిగి" అని మొదలవుతుంది. ఒక్క లాకు దాటడానికి పడవ ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు. లోపలికి రావాలి, వెనక తలుపు మూయాలి, నీళ్ళు నిండాలి, ముందు తలుపు తియ్యాలి. అలాంటివి ఇరవై ఒకటి! ఆ పడవవాళ్ళ ఓపికకి దణ్ణం.

ఆ కాలువ గట్టున, దగ్గర్లోని గని నుంచి బొగ్గు తెచ్చి పడవల్లోకి ఎత్తే చిన్న రేవు ఒకటి ఉండేది. పట్టాల మీద బొగ్గు బండి వస్తుంది, గట్టు చివర పట్టాలు పైకి వంగి ఉంటాయి, బండి అక్కడ ఆగి ముందుకి ఒరుగుతుంది, బొగ్గంతా దడదడమని కింద పడవలో పడుతుంది. దాని పేరు టిప్లర్. మీకు నేను వివరించడమేంటి, మీ నోట్లో నానే మాటే కదా. అంతే, అదే విగన్ పియర్. సంగీతం లేదు, ఐస్‌క్రీమ్ లేదు, ఉప్పుగాలి లేదు. బొగ్గు దుమ్మూ బురద నీళ్ళూ.

దీనికి పియర్ అని ఎవరు పేరు పెట్టారు? ఒక కథ చెబుతారు. 1891లో అంటారు. సౌత్‌పోర్ట్‌కి సరదా ప్రయాణం పోతున్న రైలొకటి విగన్ పొలిమేరలో ఆగిపోయింది. ఆ ప్రాంతం పల్లం, చుట్టూ వరద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళ మీదుగా బొగ్గు బళ్ళు నడిచే పొడవాటి చెక్క వంతెన ఒకటి కనపడుతోంది. లోపల జనం విసిగిపోయారు, పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏ ఊరయ్యా ఇది, సౌత్‌పోర్ట్ పియర్ వచ్చేసిందా?" అన్నారు. "కాదు, విగన్ పియర్!" అని జవాబు. రైలు పెట్టె అంతా నవ్వులు. ఇది అచ్చంగా ఇలాగే జరిగిందని నేను సంతకం పెట్టను. జోకులకి పుట్టిన తేదీ సర్టిఫికెట్లు ఉండవు. కానీ ఒకటి గమనించండి. ఈ కథలో పియర్ ఆ పొడవాటి వంతెన. తరువాత తరువాత పేరు జారి జారి కాలువ గట్టున ఉన్న చిన్న టిప్లర్‌కి అంటుకుంది. వస్తువు ఏదైతేనేం, జనానికి పేరు కావాలి.

ఇక్కడ ఒక పక్క మాట. మనవాళ్ళు చెరువు తవ్వితే ఏమని పేరు పెడతారు? సాగరం, సముద్రం! హుస్సేన్ సాగర్ అంటే ఎవరైనా నవ్వుతారా? నవ్వరు. మనం చెరువుని సముద్రమని నిజంగానే గర్వపడతాం. వాళ్ళు బురద కాలువకి పియర్ అని పెట్టుకుని వాళ్ళని వాళ్ళే వెక్కిరించుకున్నారు. ఏది మంచిదంటే నేను చెప్పను, రెండూ మనుషులు చేసే పనులే.

ఊళ్ళో జోకు ఊళ్ళోనే చచ్చిపోయేది, ఒక మనిషి లేకపోతే. ఆయన పేరు జార్జ్ ఫార్మ్‌బీ. కొడుకుదీ అదే పేరు, కొడుకు సినిమాల్లో యూకలేలీ వాయించి ఇంకా పెద్ద స్టారయ్యాడు. నేను చెప్పేది తండ్రి గురించి. అసలు పేరు జేమ్స్ బూత్, 1875లో పుట్టాడు, మహా పేదరికంలో. మ్యూజిక్ హాల్ అనేవాళ్ళు అప్పటి నాటకశాలల్ని. పాటలు, హాస్యం, గారడీ, అన్నీ ఒకే రాత్రి, కూలివాళ్ళకి అందే టికెట్టు. అందులో ఆయన వేషం ఏంటంటే, ఏమీ తెలియని లాంకషైర్ వెర్రిబాగులవాడు. స్టేజీ మీదికొచ్చి మొహం కదలకుండా అనేవాడు: నేనొచ్చేటప్పుడు విగన్ పియర్ మీదుగా వచ్చాను, సముద్రం పోటు మీదుంది అని. హాలు పగిలిపోయేలా నవ్వేవాళ్ళు.

పోటు మీదుంది అనడంలో ఉన్న చురక మీకు పట్టుబడిందా? విగన్లో నీళ్ళెందుకు నిలుస్తాయి? కింద బొగ్గు తవ్వేస్తే పైన నేల కుంగుతుంది. కుంగిన చోట నీళ్ళు చేరి మడుగులవుతాయి. వాటిని వాళ్ళు ఫ్లాషెస్ అంటారు. అంటే ఆ 'సముద్రం' గని తవ్వినవాళ్ళు తయారుచేసిందే. వాళ్ళ ఇంటి ముందుకొచ్చిన నీళ్ళని చూసే వాళ్ళు నవ్వారు.

ఈ ఫార్మ్‌బీకి ఒక బిరుదుండేది. మనం సరోజినీ నాయుడుగారిని భారత కోకిల అంటాం కదా, అలా ఈయన్ని విగన్ కోకిల అనేవాళ్ళు. కోకిల ఎందుకయ్యా అంటే, గొంతు బావుండి కాదు, దగ్గు వల్ల! ఆయనకి క్షయ. పాట మధ్యలో దగ్గు తెర వచ్చేది. మామూలు నటుడైతే తెర వెనక్కి పరిగెత్తుతాడు. ఈయన దగ్గి, దగ్గి, తేరుకుని, కింద వాద్యబృందం నడిపే ఆయన వైపు వంగి, "ఇవాళ దగ్గు బాగా పలుకుతోంది" అనేవాడు. జనం పడిపడి నవ్వేవాళ్ళు. ఆ కింద కూర్చున్నదెవరు? గనివాళ్ళు, మిల్లువాళ్ళు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఉన్నదేంటి? ఈ హాల్లో నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదు. ఆ దగ్గే చివరికి ఆయన్ని తీసుకుపోయింది, 1921లో, నలభై ఐదేళ్ళకి.

నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, విగన్ పియర్ జోకునీ ఆ దగ్గు జోకునీ విడదీసి చూడకూడదని. రెండూ ఒకే మనిషి నోట్లోంచి, ఒకే జనం కోసం వచ్చినవి. బయటివాడు నవ్వితే వెక్కిరింత, వాళ్ళే నవ్వుకుంటే ఊపిరి పీల్చుకోవడం.

సరే, ఆర్వెల్ దగ్గరకొద్దాం. ఆయన పుట్టింది మన దేశంలోనే, బీహార్లో మోతీహారిలో, 1903లో. అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. ఈయన 1922 నుంచి ఐదేళ్ళు బర్మాలో పోలీసు అధికారి. అక్కడ ఆగండి ఒక్క నిమిషం, మనవాళ్ళు తగులుతారు. అప్పట్లో రంగూన్ రేవులో మూటలు మోసే కూలీల్లో చాలామంది తెలుగువాళ్ళు. వాళ్ళని అక్కడ ఏమనేవాళ్ళో తెలుసా? కోరంగీలు. మా కాకినాడ పక్క కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపానుకి నాశనమైపోయింది. రేవు పోయింది గానీ దాని పేరు సముద్రం దాటి, వందేళ్ళ తరువాత కూడా రంగూన్లో తెలుగువాడి నెత్తిన ఉంది. శ్రీకాకుళంవాడైనా, విశాఖవాడైనా అక్కడ కోరంగీయే. రేవులు కూలిపోతాయి గానీ పేర్లు కూలవని నాకు మొదట నేర్పింది విగన్ కాదు, మా కోరంగి.

ఆర్వెల్ 1936 ఫిబ్రవరిలో విగన్ చేరాడు. బయటంతా నిరుద్యోగం, ఎముకలు కొరికే చలి. కాలువ గడ్డకట్టి ఉంది. లాకు తలుపులకి మంచు గడ్డాలు వేలాడుతున్నాయని రాశాడు. మా లాకులకి నాచు పడుతుంది గానీ గడ్డం మొలవడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆయన అద్దెకి దిగింది ఎక్కడనుకున్నారు? బోటీ కొట్టు మేడ మీద! అవును, మన బోటీయే, పశువు పేగులూ పొట్టా అమ్మే కొట్టు. ఇంటాయన నల్లబడిన చేతుల్తోనే రొట్టె కోసి ఇచ్చేవాడట, ప్రతి ముక్క మీదా నల్లగా బొటనవేలి ముద్ర. పొద్దున్న టిఫిను బల్ల కింద నిండిన ఉచ్చకుండ కనపడ్డ రోజు ఇల్లు ఖాళీ చేశాడు. పుస్తకం మొదటి అధ్యాయమంతా ఈ ఇల్లే. విగన్ వాళ్ళలో కొందరికి ఇది కడుపుమంట. ఊళ్ళో ఇంత మంచి ఇళ్ళుండగా వెతికి వెతికి అదే దొరికిందా అని. ఆ మాటలో న్యాయం ఉంది. మన ఊరికొచ్చి, ఒక్క లాడ్జి చూసి, కొత్తగూడెమంతా ఇంతే అని రాస్తే ఊరుకుంటామా?

కానీ ఆ తరువాత గనిలోకి దిగాడు చూడండి, అక్కడ నేను ఆయన్ని క్షమించేస్తాను. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు. బాయి దిగి, పని చేసే చోటికి వంగి వంగి, పాక్కుంటూ పోయేసరికి సగం ప్రాణం పోయింది. మైలు నడక మామూలేననీ, మూడు మైళ్ళు కూడా ఉంటుందనీ, ఆ నడకకి కూలీ లేదనీ లెక్క రాశాడు. అక్కడ బొగ్గు ఎత్తేవాళ్ళని ఏమంటారో రాశాడు: ఫిల్లర్లు. ఈ హాల్లో ఫిల్లర్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఒకటి, రెండు... ఐదుగురు. చూశారా! మీ తట్టా చెమ్మస్‌ల గురించి, అంటే బొగ్గెత్తే గంపా పారల గురించి, ఎనభై తొంభై ఏళ్ళ కింద ఒక ఇంగ్లీషాయన మోకాళ్ళ మీద కూర్చుని చూసి రాశాడు. గనివాళ్ళ ముక్కు మీదా నుదుటి మీదా నీలం గీతలుంటాయని కూడా రాశాడు. గాయంలోకి బొగ్గు దుమ్ము చేరి, దాని మీద చర్మం మూసుకుని, పచ్చబొట్టులాగా మిగిలిపోతుంది. నా క్లాసులో ఈ వాక్యం చదువుతుంటే ఒక పిల్ల లేచి, "మా నాయనకి ఉంది సార్" అంది. ఇంగ్లీషు సాహిత్యం పాఠం నాకు అంత బాగా కుదిరిన రోజు ఇంకోటి లేదు.

పుస్తకం 1937 మార్చిలో వచ్చింది. లెఫ్ట్ బుక్ క్లబ్ అని వామపక్ష పుస్తకాలు సభ్యులకి అందించే సంఘం ఒకటుండేది, దాని ద్వారా నలభై వేల కాపీలు దాటాయి. రెండో సగంలో ఆయన సోషలిస్టుల్నే తిట్టిపోశాడు. దాంతో ప్రచురణకర్త విక్టర్ గొలాంజ్ ముందుమాటలో "ఈ అభిప్రాయాలన్నీ మావి కావు" అనే ధోరణిలో పేజీలు పేజీలు రాసుకోవాల్సి వచ్చింది. అది ఇంకో ప్రసంగానికి సరిపడే గొడవ, వదిలేద్దాం. పుస్తకం బయటికొచ్చేనాటికి ఆర్వెల్ ఇంగ్లండులోనే లేడు, స్పెయిన్లో కందకంలో ఉన్నాడు.

నేను అడిగేది ఒకటే. ఇంత బాధ, ఇంత ఆకలి రాసిన పుస్తకానికి మ్యూజిక్ హాల్ జోకుని పేరుగా ఎందుకు పెట్టాడు? అప్పటి ఇంగ్లీషు పాఠకుడు అట్ట మీద ఆ పేరు చూడగానే పెదవి విరిచి నవ్వుతాడు. సరదా పుస్తకం అనుకుంటాడు. నవ్వు మొహంతోనే పేజీ తిప్పుతాడు. లోపల వేలిముద్ర పడ్డ రొట్టె, మోకాళ్ళ మీద ఫిల్లర్లు, గని చెత్త గుట్ట మీద చలిలో బొగ్గు ముక్కలేరుకునే ఆడవాళ్ళు. ఆ నవ్వు మొహం మీదే గడ్డకట్టాలి. అందుకు పెట్టాడని నా నమ్మకం. మనకి ఆ జోకు తెలియదు, అందుకని అట్ట దగ్గర నవ్వలేదు. అందుకే లోపల తగలాల్సిన దెబ్బ సగమే తగిలింది. నేనైతే 'రేవు పట్టణం' అని పాఠం కూడా చెప్పేశాను!

ఆరేళ్ళ తరువాత, 1943 డిసెంబర్లో, బీబీసీ రేడియోలో ఒక శ్రోత ఆయన్నే అడిగాడు, విగన్ పియర్ నిజంగా ఎలా ఉంటుందని. ఆర్వెల్ జవాబు సారాంశం: అది లేదు, నేను ప్రత్యేకంగా చూడ్డానికి వెళ్ళి వెతికినా దొరకలేదు, ఒకప్పుడు ఉండేది, ఫోటోలు చూస్తే ఇరవై అడుగులుండేదేమో, దాన్ని బతికించింది మ్యూజిక్ హాల్ హాస్యగాళ్ళు. చూడండి, గొప్ప రచయిత, పుస్తకం అంత పేరు తెచ్చుకుంది, అయినా ఆ ఖాతా హాస్యగాళ్ళకే జమ చేశాడు. నాకు నచ్చింది అదీ.

చెక్క రేవుని 1929లో పడగొట్టి, టిప్లర్ ఇనుము పాత సామానుకి అమ్మేశారు. లేనిదాన్ని వెతుక్కుంటూ జనం వస్తూనే ఉన్నారు. గనులు మూతపడ్డాయి, మిల్లులు మూతపడ్డాయి, ఊరికి మిగిలింది ఆ జోకు. చివరికి మునిసిపాలిటీవాళ్ళు ఆలోచించి, కాలువ గట్టున పాడుబడ్డ గోడౌన్లని బాగుచేసి మ్యూజియం పెట్టారు. 1986లో ఎలిజబెత్ రాణి వచ్చి తెరిచింది. రాణిగారు విగన్ పియర్‌కి రావడం! ఫార్మ్‌బీ బతికుంటే దీంతో ఇంకో పదేళ్ళు ఆట ఆడేవాడు. పక్కనే ఒక పబ్బుకి ఆర్వెల్ పేరే పెట్టారు. ఊరిని తిట్టాడని అలిగినవాళ్ళు ఆయన పేరు మీదే బీరు అమ్ముకున్నారు. మ్యూజియం ఇరవై ఏళ్ళు నడిచి 2007లో మూతపడింది.

మా అమ్మాయి మాంచెస్టర్లో ఉంటుంది. నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు, ఒకరోజు నేను మొండిపట్టు పట్టి విగన్ రైలెక్కించాను. "అక్కడేముంది?" అంది మా ఆవిడ. "ఏమీ లేదు, అదే చూడాలి" అన్నాను. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. సన్నటి తుంపర పడుతోంది. కాలువ గట్టున రెండు ఇనప పట్టాలు, చివర పైకి వంగి, అంతే. అసలువి కావు, గుర్తుగా మళ్ళీ పెట్టినవి. మా ఆవిడ గొడుగు కిందనుంచి వాటిని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ వాటిని చూసింది. ఏమీ అనలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మౌనం నాకు బాగా తెలుసు. కింద నీళ్ళు మా ఊరి కాలువలాగే ముదురు రంగులో, కదలీ కదలనట్టు ఉన్నాయి. నేను ఫోటో తీసి ఇక్కడ మన మిత్రుడొకాయనకి పంపాను. ముప్పై నాలుగేళ్ళు బాయి దిగిన మనిషి, అదిగో మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నారు, పేరు చెప్పొద్దన్నారు. "ప్రపంచ ప్రసిద్ధి పొందిన విగన్ పియర్" అని కింద రాశాను. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"ఇంతేనా సార్? మా బొగ్గు టబ్బు బోల్తాకొట్టే చోటు దీనికన్నా పెద్దగుంటది. ఇంతకీ పోటు మీదుందా, లేదా?"